నయీంనగర్‌లో రేడియేటర్ పంచాయితీ

ఎండాకాలంలో వరంగల్‌లో ఎక్కడైనా బానెట్ ఎత్తిన కారు కనబడితే మనవాళ్లు ఊరికే దాటిపోరు. పాల పాకెట్ కోసం బయల్దేరినవాడు కూడా ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని "ఏమైందన్నా" అంటాడు. జవాబు మాత్రం వినడు, ఏమైందో తనే చెప్పేస్తాడు. ఆదివారం పొద్దున మా బావ ఇంటి ముందు అదే జరిగింది.

బావ గోల ఇదీ. ములుగు రోడ్డు మీద ఎనభైలో పోతున్నంతసేపు కారు బంగారం. నయీంనగర్ ట్రాఫిక్‌లోనో, కాజీపేట బ్రిడ్జి దగ్గర జామ్‌లోనో ఇరుక్కుంటే మాత్రం టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు ఎగబాకుతుంది. ఆగిన చోటల్లా ఏసీలోంచి వేడి గాలి. "అది గ్యాస్ అయిపోయి ఉంటది" అని ఏసీ సంగతి ఆయన వేరే ఖాతాలో రాసేసుకున్నాడు.

అప్పుడే కూరగాయల మార్కెట్ దాకా పోయి వచ్చిన కారు, ఇంకా కాగుతోంది. బావ టవల్ చుట్టి రేడియేటర్ మూత తిప్పబోయాడు. ఎదురింటి తాత ఆ చేతి మీద ఒక్కటి వేశాడు. కాజీపేట డీజిల్ షెడ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, ఇంజన్ అనే మాట చెవిన పడితే బీపీ గోలీ కూడా మర్చిపోయి వస్తాడు.

"మూత గట్టిగున్నందుకే లోపల నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుంట ఉన్నయి. నువ్వు వదులు చేసినవనుకో, అన్నీ ఒక్కసారే పొంగి నీ మొఖం మీదికే వస్తయి. చాయ్ తాగు, చల్లారనియ్."

చాయ్ అయ్యేసరికి సగం గల్లీ అక్కడే ఉంది. పక్కింటి పెద్దమ్మ బిందెడు బోరు నీళ్లు పట్టుకొచ్చింది. అక్క ఏమీ అనలేదు. లోపలికి పోయి బాత్రూంలోని హీటర్ రాడ్ తెచ్చి చూపించింది. దాని చుట్లు కనబడటం లేదు, తెల్లటి సున్నం పెచ్చులుగా పేరుకుపోయి ఉంది. బింద వచ్చిన దారినే వెనక్కి పోయింది. పోయాల్సింది సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ అని తాత చెప్పాడు గానీ, పోయాల్సిన అవసరమే పడలేదు. డబ్బాలో మట్టం రెండు గీతల మధ్య సరిగ్గానే ఉంది.

"థర్మోస్టాట్ పీకి పారెయ్యన్నా, మన ఎండలకు అదెందుకు?" అన్నాడు ఆటో నడిపే తమ్ముడు. ఈ సలహా మన దగ్గర ప్రతి గల్లీలో దొరుకుతుంది. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనియ్యని ఆ వాల్వు తీసేస్తే ఇంజన్ సరైన వేడికి రావడానికి ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుందని తాత కసిరాడు. ఇంతలో ఇంటర్ చదివే పిల్లాడొకడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "హెడ్ గ్యాస్కెట్ పోయింది అంకుల్, ముప్పై వేలు" అన్నాడు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. తాత డిప్‌స్టిక్ లాగి గుడ్డకు తుడిచి చూపించాడు. గ్యాస్కెట్ అనే ఆ సీలు పోయి ఆయిల్‌లో కూలెంట్ కలిసి ఉంటే పాలు ఎక్కువైన కాఫీలా కనబడేదట. ఇది మామూలు నల్లగానే ఉంది. పిల్లాడికి కొంచెం నిరాశే.

"రోడ్డు మీద ఉరుకుతుంటే గాలి దానంతటదే తగుల్తది. నిలబడ్డప్పుడు ఫ్యాన్ తిరగాలె. స్టార్ట్ చేసి ఏసీ వెయ్" అన్నాడు తాత.

వేశారు. అందరూ వంగి చూశారు. ఫ్యాన్ రెక్కకు అంటుకున్న వేపాకు ఊగను కూడా లేదు.

ఫ్యూజుల డబ్బా మూత తీస్తే ఫ్యూజ్ బాగానే ఉంది. ఫ్యాన్ రిలే, అంటే ఫ్యాన్‌కు కరెంటు ఇచ్చే స్విచ్చు లాంటి చిన్న నల్లడబ్బి, ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ గుంట. "దొంగతనం!" అని బావ అరిచి, ఎందుకో గానీ ఆటో తమ్ముడి వైపు చూశాడు. "నన్ను చూస్తవేందన్నా?" అని అతను లేచాడు. పంచాయితీ అసలు దారి తప్పే టైములో, గడపలో ఆవకాయ ముక్కలు తుడుస్తున్న అక్క నోరు విప్పింది.

"దొంగలెవరు లేరు. పోయిన నెల ములుగు పెళ్లికెళ్లి వస్తుంటే హారన్ బందైంది. రెండూ ఒక్క తీరుగనే ఉన్నయని మీరే గదా ఒక నల్లడబ్బి పీకి ఇంకోదాంట్ల పెట్టిండ్రు? అయిదొందలు మిగిలినయని మా అమ్మకు ఫోన్ చేసి గూడ చెప్పుకుంటిరి!"

తాత మాట్లాడకుండా హారన్ గుంటలోంచి రిలే తీసి ఫ్యాన్ గుంటలో నొక్కాడు. ఫ్యాన్ బర్రుమంది, వేపాకు ఎటో ఎగిరిపోయింది. ఏసీకి కూడా ఆ ఫ్యాన్ గాలే కావాలి కదా, కాసేపటికి అదీ చల్లబడింది.

ఆదివారం కదా, షాపులు బంద్. కొత్త రిలే దొరికేదాకా ఫ్యానా, హారనా అనే దాని మీద ఇంకో గంట చర్చ. బావ ఓటు హారన్‌కే. "అది లేకుంట హన్మకొండ చౌరస్తా ఎట్ల దాటాలె?" ఫ్యాన్ అని అక్క తేల్చేసింది. సాయంత్రం హంటర్ రోడ్డు చుట్టాలింటికి బయల్దేరితే, బావ స్టీరింగ్ పట్టుకున్నాడు, అక్క అద్దం దించి తల బయటపెట్టి "జర జరుగుండ్రి బాబూ!" అని దారి పొడుగునా కేకలు వేసింది. హారన్‌కు ఎన్నడూ జరగని ఆటోలు ఆ గొంతుకు జరిగాయి. రిలే కొనడానికి బావకు ఇప్పటికీ తీరిక దొరకలేదు.