పురుగు కనిపించకముందే గుళికలా?

గోదావరి డెల్టాలో సార్వా (ఖరీఫ్) వరి నాట్లు పడి ఇరవై రోజులు తిరగకముందే గట్టుమీద యూరియా బేసిన్లలో పురుగుమందు గుళికలు కలిపేస్తున్నారు. మడిలో పురుగుందో లేదో చూసేవారు తక్కువ. పక్క చేలో చల్లారు, దుకాణంలో ఇచ్చారు, అంతే. ఈ అలవాటు నేలకు చేటు చేస్తోంది. దీన్ని మానాలని రైతులను కోరుతున్నాం.

సిఫారసు చేసిన మోతాదులో ఒకసారి పడిన మందును నేల చాలావరకు తట్టుకుంటుంది. మందుకు దెబ్బతిన్న నేలలోని సూక్ష్మజీవులు కొన్ని వారాల్లో మళ్లీ పుంజుకుంటాయి. నారుమడిలో, పిలక దశలో, మళ్లీ దాళ్వా (రబీ)లో అదే మందు పడుతుంటే ఆ తెరిపి దొరకదు. గుళికలు చల్లాక మడినీటిపై పచ్చటి పాచి చిక్కగా అల్లుకుంటే నేల బలమనుకుంటారు. పాచిని మేసే, కంటికి ఆనీ ఆనని నీటి పురుగులు చచ్చిపోయినప్పుడూ అది అలాగే అల్లుకుంటుంది.

ఒకే మందు పదేపదే పడితే దాన్నే తిని బతికే బాక్టీరియా నేలలో పెరుగుతాయి. డయాజినాన్ అనే పురుగుమందు వాడిన ఫిలిప్పీన్స్ వరిమడి నుంచి అలాంటి బాక్టీరియాను 1973 నాటికే వేరుచేశారు. గుళికల మందు కార్బోఫ్యూరాన్‌దీ అదే దారి. వారాలపాటు పనిచేయాల్సిన గుళిక రోజుల్లోనే చేవ కోల్పోతే, రైతు కల్తీ అనుకుని మోతాదు పెంచుతాడు.

సార్వా కోతకూ దాళ్వా నాటుకూ మధ్య మోళ్లను కుళ్లబెట్టేవి సూక్ష్మజీవులే. యూరియాను పైరు తీసుకునే రూపంలోకి మార్చేదీ వాటి ఎంజైమే. అయినా 12 అంశాల భూసార కార్డులో వాటి లెక్కకు గడి లేదు. ఉన్నవాటిలో, సూక్ష్మజీవులకు ఆహారమైన సేంద్రియ కర్బనం అంకెనైనా పాత కార్డుతో పోల్చి చూసుకోవాలి.

నారు కొనలు తుంచి నాటితే కాండం తొలిచే పురుగు గుడ్లు చాలావరకు పోతాయి. ఎకరానికి 3 లింగాకర్షక బుట్టలు (ఆడపురుగు వాసనతో మగ పురుగులను రప్పించేవి) పెట్టి, చదరపు మీటరుకు ఒక రెక్కల పురుగో గుడ్ల సముదాయమో కనిపిస్తేనే మందు జోలికి వెళ్లాలి. కార్టాప్ 4జి (4 శాతం మందున్న) గుళికలైతే ఎకరానికి 8 కిలోలు, ఇసుకతో కలిపి, పలచగా నీరు నిలిపి చల్లాలి. మడి నుంచి మడికి నీరు పారే నేల మనది. గండి మూయకపోతే మందు పక్క చేలోకీ, అక్కడి నుంచి మురుగు కాలువలోకీ పోతుంది. నత్రజనిని అందించే బాక్టీరియా ఎరువు అజోస్పైరిల్లం వేసిన రోజున గుళికలు వేయకూడదు. పైరు రసం పీల్చే సుడిదోమ అదుపునకు నాటేటప్పుడు 2 మీటర్లకో 20 సెంటీమీటర్ల బాట వదలాలి. సింథటిక్ పైరిథ్రాయిడ్ల రకం పురుగుమందులు కొడితే దోమ ఇంకా పెరుగుతుంది.

ప్రభుత్వాన్ని మేము అడిగేది ఒకటే. పచ్చిరొట్ట ఎరువుగా వేసే జీలుగ విత్తనం దాళ్వా కోతలు కాగానే రైతు చేతికి అందాలి. పూత దశలో నేలలో కలియదున్నాలంటే 45 నుంచి 50 రోజులు పడుతుంది. నాట్ల ముందు విత్తనమిస్తే అంత గడువుండదు.