పిల్లల నిద్రవేళను నిర్ణయిస్తున్నది పెద్దల గడియారమే

హైదరాబాద్, విజయవాడ వంటి నగరాల్లో నాలుగేళ్ల పిల్లలు రాత్రి పదిన్నరకు గానీ పడుకోకపోవడం ఇప్పుడు ఎవరికీ వింతగా తోచడం లేదు. తండ్రి తొమ్మిదికి ఇల్లు చేరడం, ఆ తర్వాత భోజనాలు, హాల్లో టీవీ, అన్నీ అయ్యాకే పక్కలు వేయడం చాలా ఇళ్లలో మామూలైపోయింది. మర్నాడు స్కూలు బస్సు కోసం ఆరున్నరకు లేపక తప్పదు. “మా వాడికి నిద్ర తక్కువండీ, ఎంత జోకొట్టినా పడుకోడు” అని తల్లులు వాపోతుంటారు గానీ, నిజానికి ఆ పిల్లవాడికి నిద్రపోయే అవకాశమే తక్కువగా దొరుకుతోంది.

మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పదిన్నర నుంచి ఆరున్నర వరకు లెక్కిస్తే ఎనిమిది గంటలే వస్తాయి. ఆ లోటును బడి నుంచి వచ్చిన పిల్లలు సాయంత్రం నాలుగింటికి పడుకుని ఆరింటి దాకా పూడ్చుకుంటారు. దాంతో లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ పొద్దువాలే వేళ పట్టిన ఆ నిద్రే రాత్రి నిద్రను మరింత వెనక్కి నెడుతుంది, మర్నాడు మళ్లీ అదే లోటు మొదలవుతుంది.

భారత్ సహా 17 దేశాల్లో 29 వేలకు పైగా చిన్నపిల్లలపై జరిపి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఆసియా పిల్లలు ఆలస్యంగా పడుకుంటారని, మొత్తం మీద తక్కువ నిద్రపోతారని తేలింది. తల్లిదండ్రుల గదిలోనే పడుకునే అలవాటు కూడా వారిలోనే ఎక్కువగా కనిపించింది. దీన్ని చూపి పిల్లలకు వేరే గది ఇవ్వమనే సలహాను నేను అంగీకరించను. ఏడాదిలోపు శిశువులకు అదే గదిలో విడిగా పక్క వేయాలని వైద్యులు చెప్పే జాగ్రత్త వేరు, అది పాటించాల్సిందే. అంతకు పెద్దపిల్లలు అమ్మ పక్కన పడుకుంటే నష్టమేమీ లేదు. అమ్మ పడుకునేదాకా వాళ్లూ మేలుకొని ఉండడమే నష్టం.

ఇందులో వెలుతురు పాత్రను మనం బాగా తక్కువగా అంచనా వేస్తున్నాం. చీకటి పడుతున్నప్పుడు మెదడులో ఊరే మెలటోనిన్ అనే హార్మోను శరీరాన్ని నిద్రకు సిద్ధం చేస్తుంది. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు పదిమందిని పడుకునే ముందు గంటసేపు ప్రకాశవంతమైన వెలుతురులో ఉంచగా, ఆ హార్మోను దాదాపు 88 శాతం పడిపోయింది. వెలుతురు తీసేసిన 50 నిమిషాల తర్వాత కూడా కోలుకోలేదు. 2018 నాటి ఆ ప్రయోగం చిన్నదే, అందులో వాడిన వెలుతురు కూడా మన ఇళ్లలోని దీపాలకంటే చాలా తీవ్రమైనది. అయితే 2022లో అదే విశ్వవిద్యాలయం 36 మంది పిల్లలపై జరిపిన పరిశీలనలో మసక వెలుతురుకు సైతం మెలటోనిన్ బాగా తగ్గినట్టు తేలింది. తొమ్మిదిన్నర దాకా ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు కింద ఆడుకున్న పిల్లవాణ్ణి పక్క మీదికి చేర్చి, వెంటనే కళ్లు మూసుకోమనడం అన్యాయం.

మన అమ్మమ్మల కాలంలో గోరుముద్దలు, కాళ్లు కడిగి పక్క మీదికి చేర్చడం, పేదరాశి పెద్దమ్మ కథ, జోకొట్టడం ఒక వరసలో సాగేవి. ఆ వరసకు చీకటి కూడా తోడయ్యేది. 2009లో 405 మంది తల్లులతో జరిగిన ఒక అధ్యయనం ఇలాంటి వరసకే బలమిచ్చింది. స్నానం, ఒళ్లు మర్దన, జోలపాట వంటి నెమ్మదైన పనులను రోజూ ఒకే క్రమంలో చేసి, అరగంటలో దీపం ఆర్పేసిన ఇళ్లలో పిల్లలు త్వరగా నిద్రపోయారు, రాత్రి మేలుకోవడం తగ్గింది, తల్లుల మనసు కూడా కుదుటపడింది.

ఏడింటికి పిల్లలకు విడిగా అన్నం పెట్టడం, ఎనిమిదికి పెద్ద లైట్లు ఆపడం, తొమ్మిదిలోపు కథ ముగించడం తల్లి ఒక్కతే మోయగల పని కాదు. తాతయ్య, నాయనమ్మ ఆ గంటసేపు టీవీ కట్టేయాలి. తొమ్మిదికి ఇల్లు చేరే తండ్రికి ఇది నిజంగా కష్టం, ఎందుకంటే బిడ్డను ఎత్తుకోవడానికి ఆయనకు దొరికేది ఆ రాత్రి గంటే. అయినా ఆ గంటను ఉదయానికి మార్చుకుని, పాలు తాగించడం, స్నానం చేయించడం, బస్సు దాకా నడిపించడం ఆయనే చేయవచ్చు. శని, ఆదివారాల్లోనూ అదే వేళ పాటించాలి. బ్రిటన్‌లో పది వేలకు పైగా పిల్లలను ఏడేళ్ల వయసు వరకు గమనించి 2013లో వెలువరించిన పరిశోధనలో, వేళాపాళా లేకుండా పడుకునే పిల్లల్లో ప్రవర్తన సమస్యలు ఎక్కువగా ఉన్నాయని, నిద్రవేళ కుదురుకున్నాక అవి తగ్గాయని తేలింది.