తగ్గింపు నలుగురికీ కనబడాలి కదా, ఫ్లెక్సీ కాస్త పెద్దదే వేయండి

డిసెంబరు రెండో వారం వచ్చిందంటే మన ఊళ్ళలో తగ్గింపు మనసు, అదే వినయం, ఎటు చూసినా కనిపిస్తుంది, ముఖ్యంగా కరెంటు స్తంభాలకు. సెంటర్లో సెమీ క్రిస్మస్ ఫ్లెక్సీ మీద పాస్టర్ గారు చేతులు జోడించి నిలబడి ఉంటారు, పేరు ముందు రెవరెండ్, డాక్టర్, అపోస్తలుడు, పేరు కింద 'దీనదాసుడు'. చుట్టూ సంఘ పెద్దల తలకాయలు. యేసు ప్రభువు కూడా ఉంటాడు లెండి, పై మూలన, ఎమ్మెల్యే గారి ఫొటో పడగా మిగిలిన చోట. దీన్ని చూసి నవ్వేవాళ్ళున్నారు. నేను నవ్వను. తగ్గింపును లోపలే దాచుకుంటే ఎవరికి తెలుస్తుంది, ఎవరికీ తెలియని తగ్గింపుతో సంఘానికి పేరెలా వస్తుంది?

అసలు మాట్లాడుకోవాలంటే లోపం మొదటి క్రిస్మస్ ఏర్పాట్లలోనే ఉంది. సత్రంలో చోటు లేదన్నారు, సరే, పైనుంచి ఎవరితోనైనా ఒక ఫోన్ చేయించుకోవాల్సింది. బిడ్డను పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. ముఖ్య అతిథులుగా రాత్రిపూట గొర్రెలు కాసుకునేవాళ్ళు వచ్చారు, వాళ్ళకు శాలువాలు కప్పిన దాఖలా లేదు. తూర్పు దేశపు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం పట్టుకొచ్చారు, అంత కానుక ఇచ్చినవాళ్ళ పేర్లు మత్తయి సువార్తలో ఒక్క ముక్క రాయలేదు. మన దగ్గర సీలింగ్ ఫ్యాను ఇచ్చినాయన రెక్కకో తరం చొప్పున మూడు తరాల పేర్లు రాయిస్తాడు. ఫ్యాను తిరిగితే పేర్లు కనబడవని దాన్ని వేయనివ్వని పెద్దమనిషి కూడా ఒకాయన ఉన్నాడు.

ధర్మం చేసేటప్పుడు కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని అదే మత్తయిలో ఆరో అధ్యాయం చెబుతుంది. మనవాళ్ళు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. కుడిచేత్తో దుప్పటి ఇస్తారు, ఎడమచెయ్యి సెల్ఫీ పనిలో ఉంటుంది కాబట్టి ఆ కుడిచెయ్యి ఏం చేస్తోందో దానికి నిజంగానే పట్టదు.

దుప్పట్ల పంపిణీ చూడాలి. ఒక్క దుప్పటికి తొమ్మిది చేతులు, చివర్న ఎక్కడో ఒక మామ్మ. "మామ్మా, తలెత్తు, ఇటు చూడు, ఆ నవ్వు!" ఆవిడ నవ్వుతుంది, అలవాటైపోయింది పాపం, కిందటి వారం ఇంకో సంఘంవాళ్ళు, అంతకుముందు ఏదో క్లబ్బువాళ్ళు నవ్వించారు. ఇంట్లో దుప్పట్లు దొంతర పెట్టి ఉన్నాయి, మడత కూడా విప్పలేదు. ఆవిడ అడిగేది వేరు. వేలిముద్ర పడక పింఛను ఆగింది, ఎవరైనా ఒకసారి సచివాలయం దాకా తోడొస్తారా, బీపీ మాత్రలు అయిపోయాయి, తెచ్చిపెడతారా అని. తెచ్చిపెట్టొచ్చు. కానీ మాత్రల షీటుకు తొమ్మిది మంది చేతులు ఆనవు, సచివాలయం బెంచీ మీద రెండు గంటలు కూర్చున్న ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెడితే చూసినవాళ్ళు మనకే ఏదో పని పడిందనుకుంటారు.

చరిత్రలోనూ ప్రచారం సంగతి పట్టని సేవకులున్నారు. ఒంగోలులో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారినే తీసుకోండి. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో అల్లాడుతున్న జనానికి కూలి దొరికేలా చేశాడు. ఇంతవరకు బాగానే ఉంది. వాళ్ళు బాప్తిస్మం ఇమ్మని అడిగితే, కూటి కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు తీరేదాకా ఇవ్వలేదు! చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకుంటే, నీళ్ళలో దిగి ఇచ్చింది తెలుగు బోధకులు. అంత మంది జనం, అంత మంచి నది, స్టేజీ లేదు, డ్రోను లేదు, దొరగారికి గజమాల లేదు. ఇప్పటి మన యూత్ చేతిలో పెట్టి ఉంటేనా!

కిందటేడు మా వైపు ఒక సంఘంలో ఎవరో కుర్రాడు, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగాడు కదా, మనం మురికి కాలవలు తీసేవాళ్ళను పిలిచి కడుగుదాం అన్నాడు. కమిటీ వెంటనే ఒప్పుకుంది. ఇత్తడి పళ్ళెం, కొత్త తువ్వాలు, గోరువెచ్చని నీళ్ళు వచ్చాయి. వచ్చేటప్పుడు శుభ్రంగా కాళ్ళు కడుక్కుని రమ్మని వాళ్ళకు కబురు కూడా వెళ్ళింది. ముందు ఎవరు కడగాలన్న దగ్గర పెద్దలకు తగువొచ్చి, ఆ అంశాన్ని కార్యక్రమంలోంచి తీసేసి కేకు కోశారు. పిలిచినవాళ్ళు ఊరికే పోకుండా ప్రేమవిందు అయ్యాక విస్తళ్ళు ఎత్తి, స్త్రీల సమాజం వాళ్ళతో కలిసి గుండిగలు తోమి వెళ్ళారట. వందన సమర్పణలో మైకు సెట్టు ఆయన పేరు కూడా చదివారు గానీ వీళ్ళ పేర్లు చదవలేదు, చదివే టైముకు వీళ్ళు పంపు దగ్గర ఉన్నారు.

ఈ ఏడాది మాత్రం ఆ సంఘం నిజంగా మారింది. ఫ్లెక్సీ మీద పెద్ద, చిన్న తేడా లేకుండా అందరికీ ఒకే సైజు ఫొటో వేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చిందో మినిట్స్‌లో రాయాల్సి వచ్చింది, ఇద్దరు పెద్దలు నాదంటే నాదన్నారు, ఇప్పుడు ఆ రెండు ఇళ్ళ మధ్యా మాటల్లేవు, ఫ్లెక్సీలు వేర్వేరుగా రెండు కట్టారు.