ముందు బ్యాటరీ కనెక్టర్ తీయండి, తర్వాతే ఏదైనా

మొన్న శనివారం మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్‌లో ర్యామ్, అంటే పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ, పెంచుకుంటానంటే తోడుగా దుకాణానికి వెళ్లాను. కౌంటర్ వెనకున్న అబ్బాయి చార్జర్ పీకి, మూత మూసి, ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పాడు. పది స్క్రూలు చకచకా విప్పి అడుగు పలక ఊడదీశాడు. చెయ్యి నేరుగా ర్యామ్ మీదికి పోతోంది. "బాబూ, షట్‌డౌన్ చేశావా?" అని అడిగాను. "చార్జర్ తీసేశాం కదా సార్" అన్నాడు. అంచున చిన్న తెల్ల దీపం మెల్లగా వెలుగుతూ ఆరుతూ ఉంది. అంటే యంత్రం నిద్రపోయిందే తప్ప ఆగలేదు. ఆగమని నేను అరిచిన అరుపుకు, పక్కనే ఫోనుకు గాజు పలక వేయించుకుంటున్న ఆవిడ ఉలిక్కిపడింది.

నా కోపం ఆ అబ్బాయి ఒక్కడి మీదే కాదు. బ్యాటరీ కంటికి కనబడకపోయేసరికి అది ఉందన్న సంగతే మనందరం మరిచిపోయాం. పాత ల్యాప్‌టాప్‌ల అడుగున రెండు గొళ్లేలు ఉండేవి. వాటిని జరిపితే ఇటుక ముక్కంత బ్యాటరీ చేతిలోకి వచ్చేది. పాడైతే మరొకటి కొనుక్కొచ్చి పెట్టుకునేవాళ్లం. సన్నగా కావాలి, తేలిగ్గా కావాలి అని మనమే అడిగాం. కంపెనీలు బ్యాటరీని లోపలికి నెట్టి, స్క్రూలు బిగించి, కొన్నింటిలో జిగురు కూడా పూశాయి. వంటగదిలో స్టవ్ బాగుచేయించాలంటే ఎవరూ చెప్పకుండానే ముందు సిలిండర్ రెగ్యులేటర్ తీసి పక్కన పెడతాం. ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంగితం ఎక్కడికి పోతుందో.

చార్జర్ పీకితే గోడ నుంచి వచ్చే కరెంటు మాత్రమే పోతుంది. బ్యాటరీ మాత్రం లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డును అంటిపెట్టుకునే ఉంటుంది. నిద్రలో ఉన్న యంత్రంలో ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, లేకపోతే మూత తెరవగానే మన పని ఎక్కడిది అక్కడ ఎలా కనబడుతుంది? ఆ స్థితిలో ర్యామ్ పీకడమంటే తిరుగుతున్న మిక్సీలో చెయ్యి పెట్టడమే. పూర్తిగా షట్‌డౌన్ చేసినా బ్యాటరీ వోల్టేజీ బోర్డు దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. స్క్రూడ్రైవర్ జారినా, ఒక స్క్రూ దొర్లి తప్పు చోట పడినా బోర్డుకు కాలం చెల్లినట్టే.

అందుకే పలక తీశాక మొదటి పని బ్యాటరీని బోర్డుకు కలిపే ప్లగ్, అంటే కనెక్టర్, ఊడదీయడం. వైర్లు పట్టుకుని లాగకూడదు. కొన్ని కనెక్టర్లు నిలువుగా పైకి వస్తాయి, కొన్ని పక్కకు జారతాయి, కొన్నింటికి సన్నటి తీగ గొళ్లెం ఉంటుంది. ఏ రకమో చూసుకోకుండా పైకి లేపితే బోర్డు మీది సాకెట్ కూడా లేచి వస్తుంది. ప్లాస్టిక్ పుల్లతో గానీ గోటితో గానీ అటు కాస్త, ఇటు కాస్త కదిలించాలి. తర్వాత పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే బోర్డులో మిగిలిన కరెంటూ పోతుంది. థింక్‌ప్యాడ్ లాంటి కొన్నింటిలో బయోస్‌లోనే, అంటే యంత్రం లేచేటప్పుడు విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లోనే, లోపలి బ్యాటరీని ఆపే సదుపాయం ఉంది, మళ్లీ చార్జర్ పెట్టగానే అది మేలుకుంటుంది. ఇంత మంచి ఏర్పాటు అన్నింటిలో ఎందుకు ఉండదో నాకు అర్థం కాదు.

బ్యాటరీని తాకాల్సి వస్తే ఇంకో జాగ్రత్త. ఇప్పటి సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉండేది గట్టి డొప్ప కాదు, రేకు పొర సంచి. ఇనుప పనిముట్టుతో జిగురు మీంచి పెకలించబోతే చిల్లు పడి నిప్పంటుకోవచ్చు. స్క్రూల పొడవులు కూడా వేరువేరుగా ఉంటాయి. నేనైతే కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మూలది ఆ మూలనే పెట్టుకుంటాను. మా ఆవిడ దాన్ని నా ముగ్గు అంటుంది.

ఇంత చెబుతున్న నేనేమీ ప్రవక్తను కాదు. ఇంటి నుంచి పనిచేసిన రెండేళ్లూ నా ల్యాప్‌టాప్ చార్జర్‌కు కట్టేసిన ఆవులా ఉండిపోయింది, రాత్రీపగలూ నూరు శాతం. ఒకరోజు టచ్‌ప్యాడ్ ఎడమ మూల నొక్కుడు పడలేదు. దుమ్ము అనుకుని ఊదాను. కొన్నాళ్లకు బల్ల మీద పెడితే ఊగడం మొదలైంది. తెలివిగా కింద కాగితం మడిచి పెట్టాను. నెల తర్వాత విప్పితే బ్యాటరీలోని మూడు సెల్‌లలో రెండు పూరీల్లా పొంగి ఉన్నాయి. అప్పటిదాకా నేను ఆ పూరీల మీదే టచ్‌ప్యాడ్ అదిమి అదిమి నొక్కుతున్నాను.

ఇప్పటి ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు సాధారణంగా 4.2 వోల్టుల దగ్గర ఉంటుంది. ఆ ఒత్తిడిలో రోజుల తరబడి ఉంచితే లోపలి రసాయనాలు త్వరగా క్షీణిస్తాయి, వాయువులు పుడతాయి. వేడి తోడైతే ఇంకా వేగం. మే నెలలో డాబా మీది గది, పరుపు మీద ల్యాప్‌టాప్, కింద గాలి రంధ్రాలు మూసుకుపోయి, పైన నూరు శాతం చార్జింగ్. ఇంతకన్నా ఏం చేయాలి ఒక బ్యాటరీని చంపడానికి? చాలా ల్యాప్‌టాప్‌లలో 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే ఏర్పాటు ఉంది. ఒక కంపెనీ దాన్ని కన్జర్వేషన్ మోడ్ అంటుంది, ఇంకొకటి మరో పేరు పెట్టి ఎక్కడో ఐదో మెనూలో దాస్తుంది. నాది వెతికి పట్టుకోవడానికి అరగంట పట్టింది.

నెలకోసారి సున్నాకు దించి నూరుకు ఎక్కించాలని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది నికెల్ కాడ్మియం అనే పాత రకం బ్యాటరీల కాలపు మాట. సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చింది 1991లో. మనం ఇంకా అంతకు ముందే ఉన్నాం. శాతం అంకె తప్పుగా చూపిస్తుంటే ఎప్పుడో ఒకసారి అలా చేయవచ్చు, అంతే. వాడకుండా బీరువాలో పెట్టేటప్పుడు సగం చార్జింగ్‌తో పెట్టడం మేలు.

ఆ ఉబ్బిన బ్యాటరీని ఏం చేయాలని ఒక దుకాణంలో అడిగితే "చెత్తలో పడేయండి" అన్నారు. చెత్త బండిలో అది నలిగితే మంటే. మన దేశంలో 2022 నుంచి బ్యాటరీ వ్యర్థాల నియమాలున్నాయి, పాత బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. ఆ దుకాణంలో ఎవరికీ ఆ కబురు అందలేదు. ఇసుక నింపిన పాత బిస్కెట్ డబ్బాలో పెట్టి బాల్కనీలో ఉంచి, చివరికి ఇ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చి వచ్చాను. యూరప్‌లో 2027 ఫిబ్రవరి 18 నుంచి ఇలాంటి పరికరాల్లో బ్యాటరీని కొన్నవాళ్లే తీసి మార్చుకోగలిగేలా ఉండాలట, కొన్ని మినహాయింపులతో. అంటే ఆ గొళ్లేలు మళ్లీ వస్తాయేమోనని నాకు చిన్న ఆశ.

శనివారం సంగతికి వస్తే, ఆ అబ్బాయి మంచివాడు. షట్‌డౌన్ చేసి, నేను చెప్పినట్టే కనెక్టర్ తీసి, ర్యామ్ వేసి, మళ్లీ అన్నీ బిగించాడు. యంత్రం చక్కగా లేచింది. డబ్బులిచ్చి లేవబోతుంటే రబ్బరు చాప మీద ఒక స్క్రూ మిగిలి కనబడింది. "పర్వాలేదు సార్, ఒకటి లేకపోయినా గట్టిగానే ఉంటుంది" అన్నాడు. మళ్లీ కూర్చుని, మళ్లీ విప్పించాను.