కూత పెట్టే తాళంచెవి

కారు లైసెన్సు కావాలంటే హెచ్ ట్రాక్ మీద రివర్సు చేసి చూపించాలి. చేతిలో ఉన్న తాళంచెవి మీది నాలుగు బటన్లు ఏం చేస్తాయో చెప్పమని మాత్రం ఏ బ్రేక్ ఇన్‌స్పెక్టరూ అడగడు. ఈ ఒక్క ఉపేక్ష వల్ల అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎంత నిద్ర పాడవుతోందో ప్రభుత్వం గుర్తించాలి.

మొదటిది లాక్. నొక్కగానే ఇండికేటర్లు మెరుస్తాయి. ఏదైనా తలుపు సరిగ్గా పడకపోతే మెరవవు, లేదా కారు కీచుమంటుంది. అయినా కారు మాట మీద మనకు నమ్మకం లేదు, పిడి లాగి చూడాల్సిందే. ముట్టుకుంటే తెరుచుకునే స్మార్ట్ కీ కార్లలో, తాళంచెవి జేబులో పెట్టుకుని లాగితే అది యజమానిని గుర్తుపట్టి మర్యాదగా తెరుస్తుంది. "చూశావా, లాక్ పడలేదు!" అని మళ్ళీ నొక్కుడు, మళ్ళీ లాగుడు. ఈ ప్రదక్షిణలకు పుణ్యమేమీ రాదు. తాళంచెవి ఇంకొకరికిచ్చి నాలుగు మీటర్లు అవతలికి పంపి లాగితే అసలు సంగతి తెలుస్తుంది.

అన్‌లాక్ కుటుంబ వ్యవహారం. చాలా కార్లలో ఒకసారి నొక్కితే డ్రైవరు తలుపు ఒక్కటే, వెంటనే రెండోసారి నొక్కితేనే మిగతావి. అటు అత్తగారు ముందే పిడి లాగి పట్టుకుంటారు, ఇటు అల్లుడు నొక్కుతాడు. లాగి ఉన్న పిడి లోపల గొళ్ళేన్ని విడవనివ్వదు. "వదలండి అత్తయ్యా!" అని అల్లుడు, "నువ్వు నొక్కు బాబూ!" అని ఆవిడ. ఈలోగా కొద్దిసేపట్లో (చాలా కార్లలో 30 సెకన్లు) ఏ తలుపూ తెరవకపోతే కారు తనంతట తానే మళ్ళీ లాక్ వేసుకుంటుంది. తెలివైన కారు, గొడవలో తలదూర్చదు.

డిక్కీ బటన్‌ను ఒకటి రెండు సెకన్లు అదిమి పట్టాలి. చాలా కార్లలో గొళ్ళెం వదులుతుంది, అంతే. మూత మనమే ఎత్తాలి. లోపల సామాను సర్దుతూ మామూలు రిమోట్‌ను కూడా అక్కడే పెట్టి మూత వేసేవాళ్ళకు రెండో తాళంచెవి ఇంట్లో ఎందుకు ఉంచుకోవాలో ఆ పూట బోధపడుతుంది.

ఇక హారన్ బొమ్మ ఉన్న బటన్. దీన్ని అదిమి పడితే హారనూ లైట్లూ కలిసి దాదాపు అర నిమిషం తిరునాళ్ళు జరుపుతాయి. చాలా కార్లలో ఏ బటన్ నొక్కినా ఆగుతుంది. మన పద్ధతి వేరు: ఆగేదాకా అదే బటన్‌ను ఎడాపెడా అదమడం. ఆపిన వేలే మళ్ళీ మొదలెడుతుంది. అయిదో అంతస్తు దాకా లైట్లు వెలుగుతాయి.

పిల్లాడు ఊళ్ళో దీన్ని బొమ్మనుకుని వందసార్లు నొక్కితే ఇంకో తంటా. నొక్కిన ప్రతిసారీ రిమోట్ కొత్త కోడ్ పంపి తన లెక్క పెంచుకుంటుంది. పట్నంలో ఉన్న కారుకు అది వినపడదు, చీటీ పుస్తకంలో పద్దులు కలవనట్టే అవుతుంది. చాలా మోడళ్ళలో కారు దగ్గర నిలబడి వరసగా రెండుసార్లు నొక్కితే లెక్క సర్దుకుంటుంది, లేదంటే షోరూముకే.

సెల్లు అయిపోతే మనకు తెలిసిన వైద్యం అరచేతిలో కొట్టడం. చాలా రిమోట్లలో ఉండేది 2032 రకం సెల్లు: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. 2025 దొరికిందని పెడితే పలచగా ఉండి ఆనదు. స్మార్ట్ కీ పొట్టలో మామూలు తాళంచెవి ఒకటి దాగి ఉంటుంది, మీట జరిపి లాగితే వస్తుంది. దాంతో తలుపు తీస్తే అలారం మోగొచ్చు, దొంగలా పారిపోనక్కర్లేదు. రిమోట్‌ను స్టార్ట్ బటన్‌కు ఆనించి, బ్రేకు తొక్కి, నొక్కండి. అందులోని చిప్‌కు కరెంటు కారే ఇస్తుంది, సెల్లుతో పని లేదు. కొన్ని మోడళ్ళలో ఆనించే చోటు వేరుగా ఉంటుంది. అదెక్కడో మాన్యువల్లో బొమ్మతో సహా ఉంది. ఆ మాన్యువల్ గ్లవ్ బాక్సులో, కవరు కూడా విప్పకుండా, క్షేమంగా ఉంది.