కుకీ బ్యానర్ చూసి యూరప్‌ని తిట్టేవాళ్ళకి

అమెరికాలో ఉండే మనవాళ్ళతో యూరప్ గురించి మాట్లాడితే రెండో మాటకే కుకీ బ్యానర్ దగ్గరికి వచ్చేస్తారు. వెబ్‌సైటు తెరవగానే కుకీలకి (మనల్ని గుర్తుపట్టడానికి సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్ళకి) ఒప్పుకుంటారా అని అడిగే డబ్బా అది. "మీవాళ్ళకి కంపెనీలు పెట్టడం చేతకాదు, చట్టాలు రాయడం మాత్రం బాగా వచ్చు" అంటారు. జర్మనీలో, నెదర్లాండ్స్‌లో ఉండే మనవాళ్ళేమైనా తక్కువ తిన్నారా? "అమెరికాలో ప్రైవసీ అన్నదే లేదు, మనిషిని కిలోల లెక్కన అమ్మేస్తారు" అని వీళ్ళు. డాలస్‌లో కొన్నేళ్ళు పనిచేసి, ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్నవాణ్ణి కాబట్టి రెండు వైపులా ఈ వాదన నాకు తప్పడం లేదు. ఒకసారి రాసి పెట్టుకుంటే ఇకమీదట లింకు పంపి ఊరుకోవచ్చని ఈ పోస్టు. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

ముందు యూరప్ వాళ్ళ "పిచ్చి" సంగతి. 2010లో గూగుల్ స్ట్రీట్ వ్యూ (వీధులూ ఇళ్ళూ ఫోటోలు తీసి మ్యాప్‌లో చూపించేది) జర్మనీకి వస్తోందనగానే, మా ఇల్లు కనబడకుండా మసక చేయండని దాదాపు 2,44,000 కుటుంబాలు అర్జీ పెట్టుకున్నాయి. రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనబడే గోడే అది. ప్రపంచమంతా నవ్వింది. అయితే గూగుల్ కార్లు ఫోటోలు తీస్తూ తీస్తూ తాళం లేని వైఫైల నుంచి జనాల డేటా కూడా పట్టుకుపోయాయని బయటపడింది కూడా అదే ఏడాది. ఆ సంగతి నవ్వినవాళ్ళెవరికీ గుర్తుండదు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు నెదర్లాండ్స్‌లో జనాభా రిజిస్టర్లు చాలా చక్కగా ఉండేవి. ఎవరు ఎక్కడుంటారు, ఏ మతం, అన్నీ కార్డుల మీద వరసగా. మంచి పాలన కోసమే రాసుకున్నారు. 1940లో నాజీలు వచ్చారు. యూదులు ఏ వీధిలో ఉన్నారో వాళ్ళు వెతుక్కోవాల్సిన పని పెద్దగా లేకపోయింది. 1943 మార్చి 27 రాత్రి ఆమ్‌స్టర్‌డామ్‌లో కొందరు ఆ రిజిస్టర్ ఆఫీసు మీద దాడి చేసి తగలబెట్టారు. పట్టుబడినవాళ్ళలో 12 మందిని కాల్చి చంపారు. ఒక ఆఫీసులోని కార్డుల కోసం ప్రాణాలు పెట్టిన మనుషులు వాళ్ళు. తర్వాత తూర్పు జర్మనీలో స్టాజీ అనే రహస్య పోలీసు వ్యవస్థ వచ్చింది. అది కూలేనాటికి అందులో జీతం తీసుకునేవాళ్ళే దాదాపు 91,000 మంది. పక్కింటివాళ్ళు, సొంత బంధువులు చేరవేసిన కబుర్లు దానికి అదనం.

అందుకే 1970లోనే, ఇంటర్నెట్ ఊసే లేని రోజుల్లో, నేనుంటున్న ఈ హెస్సె రాష్ట్రం ప్రపంచంలోనే మొదటి డేటా రక్షణ చట్టం చేసింది. 1983లో పశ్చిమ జర్మనీ ప్రభుత్వం జనాభా లెక్కలకి దిగితే జనం ఎదురుతిరిగారు. చివరికి రాజ్యాంగ న్యాయస్థానం, నా సమాచారం ఎవరి చేతికి వెళ్ళాలో తేల్చుకునే హక్కు నాదేనని ఆ ఏడాది డిసెంబరు 15న తీర్పు చెప్పింది. మీరు తిట్టుకునే జీడీపీఆర్‌కి, అంటే ఇప్పటి యూరప్ డేటా రక్షణ చట్టానికి, వేరు అక్కడుంది.

ఇంత చెప్పాక జర్మనీవాణ్ణి నెత్తిన పెట్టుకోమంటున్నానని అనుకోకండి. ఇక్కడ ఇల్లు మారితే రెండు వారాల్లో మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది! ఎందుకయ్యా అంటే చర్చి పన్ను కోసం. ఆదాయపు పన్ను మీద 8 లేదా 9 శాతం జీతంలోంచే కోసేస్తారు. మతం రాసిన కార్డుల వల్ల ఏం జరిగిందో అందరికన్నా బాగా తెలిసిన దేశం ఈరోజుకీ మతం అడిగి రాసుకుంటోంది. (మన క్రైస్తవ మిత్రులు కొందరు ఆ గడి అమాయకంగా నింపేసి, మొదటి పేస్లిప్ చూసి లబోదిబోమన్నారు.) ప్రతి ఇంటి కాలింగ్ బెల్ మీద ఇంటిపేరు ఉంటుంది. సొంత వెబ్‌సైట్‌లో నాలుగు యాడ్లు పెట్టుకున్నా నీ అసలు పేరు, చిరునామా అందరికీ కనబడేలా రాయాల్సిందే. ఈ ముక్క డాలస్‌లో నా పాత మేనేజర్‌కి చెబితే, "మా టెక్సస్‌లో అలా అడిగితే తిరుగుబాటు వస్తుంది" అన్నాడు.

తిరుగుబాటు మాటేమో గానీ, ఆయన చెప్పిన దాంట్లో నిజం ఉంది. అమెరికావాడికి ప్రైవసీ పట్టదన్నది పచ్చి అబద్ధం. వాడి భయం ప్రభుత్వమంటే. దేశం మొత్తానికి ఒక గుర్తింపు కార్డు అన్న మాటే అక్కడ పడదు. డ్రైవింగ్ లైసెన్సులని ఒకే ప్రమాణానికి తెద్దామని 2005లో రియల్ ఐడీ చట్టం చేస్తే, విమానాశ్రయాల్లో దాన్ని అమలు చేసేసరికి 2025 మే వచ్చింది. ఇరవై ఏళ్ళు సాగదీశారు. ఆధార్‌కి క్యూలో నిలబడిన మనకి ఇది వింతగా ఉండొచ్చు.

అక్కడ కంపెనీల మీద కూడా చట్టాలున్నాయి. కాకపోతే ఎవరికో పెద్దవాళ్ళకి దెబ్బ తగిలిన చోటే ఉన్నాయి. 1987లో రాబర్ట్ బోర్క్ అనే జడ్జిని అప్పటి అధ్యక్షుడు రేగన్ సుప్రీంకోర్టుకి ప్రతిపాదించారు. ఒక విలేకరి ఆయన వీడియో షాపులో అద్దెకి తెచ్చుకున్న క్యాసెట్ల జాబితా సంపాదించి పత్రికలో వేసేశాడు. అందులో తలదించుకోవాల్సినవేమీ లేవు. అయినా మరుసటి ఏడాదికల్లా, 1988లో, వీడియో అద్దెల వివరాలు బయటపెట్టకూడదని చట్టం వచ్చేసింది. కాంగ్రెస్ సభ్యులు ఒక్కసారి తమ క్యాసెట్లు గుర్తుచేసుకుని ఉంటారని నా అనుమానం. తర్వాత ఆరోగ్య వివరాలకి ఒక చట్టం 1996లో, పిల్లలకి ఒకటి 1998లో. ఇలా అతుకుల బొంత తప్ప, అందరికీ అన్నిటికీ వర్తించే కేంద్ర చట్టం ఈరోజుకీ లేదు. కాలిఫోర్నియా 2018లో తనకంటూ ఒకటి చేసుకుంది. ఇల్లినాయ్ ఇంకా ముందే, 2008లో, వేలిముద్రలూ ముఖాల మీద చట్టం చేసింది. దాని పుణ్యమాని ఫేస్‌బుక్ 65 కోట్ల డాలర్లు కట్టి రాజీకొచ్చింది. ఒక్క రాష్ట్ర చట్టానికే అంత పదునుంటే దేశం మొత్తానికి ఒకటి ఎందుకు లేదో అమెరికా మిత్రులే చెప్పాలి.

2017లో ఈక్విఫాక్స్ అనే, జనాల అప్పుల చరిత్ర రాసి పెట్టే అమెరికా కంపెనీ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. సోషల్ సెక్యూరిటీ నంబర్లతో సహా. ఆ మందిలో చాలామంది ఈక్విఫాక్స్‌కి కస్టమర్లుగా చేరినవాళ్ళు కాదు. మన అప్పుల చిట్టా వాళ్ళ దగ్గర ఎలా చేరిందో మనకే తెలియదు, వద్దనే దారీ లేదు. ఇదీ నాకు మండేది.

అంతకన్నా మండేది ఇంకొకటుంది. ప్రభుత్వాన్ని నమ్మం, కంపెనీలని నమ్ముతాం అనే అమెరికా లెక్కలో పెద్ద చిల్లు ఉంది. నువ్వు డయల్ చేసిన నంబర్లు ఫోన్ కంపెనీకి నువ్వే ఇచ్చినట్టు కాబట్టి వాటి మీద నీకు ప్రైవసీ ఆశించే హక్కు లేదని అక్కడి సుప్రీంకోర్టు 1979లోనే అంది. 2018లో కాస్త వెనక్కి తగ్గి, ఫోన్ టవర్ల ద్వారా మనిషి కదలికలు తెలుసుకోవాలంటే పోలీసులకి వారంట్ కావాలంది. బాగుంది. కానీ జనాల వివరాలు పోగుచేసి అమ్ముకునే డేటా బ్రోకర్ల దగ్గర పోలీసులూ నిఘావాళ్ళూ డబ్బిచ్చి కొంటే? నిఘా సంస్థలు అలా కొంటున్నాయని 2023లో బయటపెట్టిన నివేదికలో అక్కడి ప్రభుత్వమే ఒప్పుకుంది. ఏ ప్రభుత్వానికి భయపడి తలుపులు వేసుకున్నారో, ఆ ప్రభుత్వమే బజారుకెళ్ళి మీ వివరాలు కొనుక్కుంటోంది. కంపెనీ వేరు, సర్కారు వేరు అని ఇంకా ఎలా అంటారు?

ఈ విషయంలో మనవాళ్ళ తీరు మరీ తమాషా. హెచ్‌1బీ దరఖాస్తుకి ముందు వేసే లేబర్ కాగితాల వివరాలని అమెరికా కార్మిక శాఖ బహిరంగంగా పెడుతుంది. కంపెనీ, ఊరు, హోదా, జీతం అన్నీ ఉంటాయి. పేరు ఉండదు. పేరు లేకపోతే మనకేమైనా అడ్డమా? ఫలానా ఊళ్ళో, ఫలానా కంపెనీలో, ఫలానా పోస్టులో ఉన్నది మన సుబ్బారావుగారి అల్లుడే కదా అని పెళ్ళి సంబంధాలప్పుడు జీతం సరిచూసుకున్నవాళ్ళు నాకు తెలుసు. పేరు తీసేశాం కాబట్టి అది వ్యక్తిగత సమాచారం కాదు అని ఏ కంపెనీ అన్నా నాకు వెంటనే ఆ అల్లుడే గుర్తొస్తాడు.

మరి యూరప్‌లో తేడా ఏమిటి? తట్టడానికి ఒక తలుపుంది. అంతే, కానీ అది చిన్న విషయం కాదు. మాక్స్ ష్రెమ్స్ అని ఆస్ట్రియాలో ఒక లా విద్యార్థి 2011లో, నా గురించి మీ దగ్గర ఏముందో ఇవ్వండని ఫేస్‌బుక్‌ని అడిగాడు. 1,200 పేజీలు వచ్చాయి. తను తీసేశాననుకున్నవి కూడా అందులో ఉన్నాయి. కేసులు వేశాడు. అమెరికాకి డేటా పంపుకోవడానికి యూరప్ చేసుకున్న ఒప్పందం 2015లో కొట్టుకుపోయింది. కొత్తది రాసుకుంటే 2020లో అదీ పోయింది. ఇప్పుడు నడుస్తున్నది 2023 నాటి మూడోది. సొంత మొండితనం తప్ప వెనకెవరూ లేని కుర్రాడు మొదలుపెడితే ఇంత జరిగింది. అమెరికాలో ఇలాంటి కేసు వేస్తే నీకు జరిగిన నష్టం ఎంతో చూపించమంటారు. ఆ మెట్టు దగ్గరే చాలా కేసులు ఆగిపోతాయి.

అంత దూరం వెళ్ళనక్కర్లేదు. నేను ఇక్కడి ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి మామూలు ఈమెయిల్ రాసి నా వివరాలన్నీ తెప్పించుకున్నాను. ఉచితమే, నెలలోపు ఇవ్వాలి. నా పాత అడ్రసులు, కట్టిన వాయిదాలతో పాటు "కస్టమర్ చికాకుగా మాట్లాడారు" అని కాల్ సెంటర్ వాళ్ళు రాసుకున్న నోట్ కూడా వచ్చింది. మా ఆవిడ దాన్ని చాలామందికి చదివి వినిపించింది.

ఇక కుకీ బ్యానర్లు. బాబూ, చట్టం బ్యానర్ పెట్టమనలేదు. నన్ను వెంటాడాలనుకుంటే ముందు అడగమంది. వెంటాడని సైటుకి బ్యానరే అక్కర్లేదు. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, వద్దనడానికి నాలుగు పేజీలు అన్న తెలివి కంపెనీలది. దీనికే ఫ్రాన్స్ 2022 జనవరిలో గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది. దొంగని వదిలేసి తాళం వేసినవాణ్ణి తిడుతున్నారు మీరు. యూరప్ తప్పు వేరే ఉంది. పెద్ద కంపెనీల మీద ఫిర్యాదులు చాలావరకు వాటి ఆఫీసులున్న ఐర్లండ్‌కి పంపి ఏళ్ళ తరబడి నాననిచ్చింది. పౌరుల మెసేజులని స్కాన్ చేయించే ప్రతిపాదన 2022లో తెచ్చింది కూడా ఇదే యూరప్. పిల్లల రక్షణ కోసమట. స్టాజీ గుర్తుకు రాలేదు కాబోలు.

ఇంతసేపూ వాళ్ళ గొడవ. మన సంగతేమిటి? అమెరికా నిఘా చట్టంలో 702 అనే సెక్షన్ ఉంది. అమెరికా పౌరులు కాని, ఆ దేశంలో లేని మనుషుల సంభాషణలు వినడానికే అది. గుంటూరులో ఉన్న మీ నాన్నగారు అక్కడి కంపెనీల లెక్కలో వినియోగదారుడు, అక్కడి చట్టం లెక్కలో పరాయివాడు. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా అడిగేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలన్నీ అందరికీ కనబడేలా తెరిచి పెట్టాలన్నారు. డిసెంబరు 15 నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ళ కుటుంబసభ్యుల వీసా) వాళ్ళు కూడా. హైదరాబాద్ కాన్సులేట్‌లో స్లాట్ కోసం చూస్తూ, పదేళ్ళ కిందటి కామెంట్లు వెతికి తుడుచుకుంటున్న పిల్లల టెన్షన్ నేను చూస్తున్నాను. ప్రభుత్వం ఇంట్లోకి తొంగిచూడకూడదని రాజ్యాంగంలో రాసుకున్న దేశం ఇది.

యూరప్ కూడా అంతే. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి పది వేళ్ళ ముద్రలూ ఇస్తాం. 2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దు దగ్గర ముఖం, వేలిముద్రలు తీసి దాచే కొత్త పద్ధతి మొదలైంది. యూరప్ పౌరులకి అది లేదు, మా అమ్మకి ఉంది. ఇంటి గోడ ఫోటోకి లక్షల అర్జీలు పెట్టినవాళ్ళలో దీని గురించి నోరెత్తినవాళ్ళు ఎంతమంది? అమెరికా మేలా, యూరప్ మేలా అని వాట్సాప్‌లో కొట్టుకునే మనం ముందు ఇది చూడాలి. ఎవరు ఎవరితో కొట్టుకుంటున్నారో వాట్సాప్ యజమాని మెటాకి ఎటూ తెలుస్తూనే ఉంటుంది.

అయినా ఎటువైపు అని గట్టిగా అడిగితే నేను యూరప్ చట్టం వైపే. పరాయివాణ్ణయినా ఇక్కడుంటున్నాను కాబట్టి ఆ ఇన్సూరెన్స్ కంపెనీ నాకు జవాబు చెప్పాల్సి వచ్చింది. నా పాస్‌పోర్టు రంగు అడగలేదు. ఇప్పుడు భయమల్లా యూరప్ తన చట్టాన్ని తనే వదులుకుంటుందేమోనని. 2025 నవంబరు 19న యూరప్ కూటమి పాలక సంస్థ యూరోపియన్ కమిషన్ ఆ చట్టానికి మార్పులు ప్రతిపాదించింది. కుకీలకి ఒకసారి బ్రౌజర్‌లో చెప్పేస్తే చాలు అన్న ముక్క బాగుంది, ఎప్పుడో చేయాల్సింది. కానీ దాంతో పాటే వ్యక్తిగత సమాచారం అంటే ఏమిటన్న నిర్వచనాన్నే కుదించాలని, ఏఐకి మన డేటాతో శిక్షణ ఇచ్చుకోవడం సులువు చేయాలని కూడా పెట్టారు. "చూశావా, మీవాళ్ళు దారికొచ్చారు" అని డాలస్ నుంచి అప్పుడే మెసేజులు. ఇంకా పార్లమెంటు ఉంది, సభ్య దేశాలున్నాయి, అంత తొందరపడకండి. ష్రెమ్స్ నడిపే సంస్థ అప్పుడే గట్టిగా విమర్శించింది. దానికి చందా కట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి, తిట్టేవాళ్ళు ఆ ముక్క కూడా కలిపి తిట్టుకోవచ్చు.