పాస్‌బుక్ ఒకరిది, పైరు మరొకరిది

గోదావరి డెల్టాలో వరి కౌలును ఇప్పటికీ బస్తాల్లోనే మాట్లాడుకుంటారు. బస్తా అంటే 75 కిలోలు. 2025-26కు కేంద్రం ప్రకటించిన సాధారణ రకం వరి మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. ఆ లెక్కన బస్తా విలువ దాదాపు రూ.1,777. నారు పోయకముందే ఎకరాకు ఇన్ని బస్తాలని మాట అయిపోతుంది. ఆ తర్వాత తుపాను కొట్టినా, దోమ పోటు తగిలినా, కోతల వేళ వానపడి కంకి మీదే మొలకలొచ్చినా ఆ సంఖ్య మాత్రం కదలదు. చాలా ఊళ్లలో సార్వా (ఖరీఫ్) పంట దాదాపుగా కౌలుకే సరిపోతుంది. దాళ్వాలో (రబీలో) మిగిలిందే కౌలుదారు ఇంటికి. కాలువలకు నీళ్లు వదులుతారో లేదో తేలని ఏడాది వస్తే ఆ ఇంటి సంగతి చెప్పనక్కర్లేదు. మిర్చి, పత్తి వేసే నల్లరేగళ్లలో పద్ధతి వేరు. అక్కడ కౌలు రొక్కంగా, చాలాచోట్ల ముందస్తుగానే చెల్లించాలి. విత్తనం కొనకముందే అప్పు మొదలవుతుందన్నమాట.

రైతు కష్టాల గురించి ఎవరు మాట్లాడినా గిట్టుబాటు ధర, రుణమాఫీ, పెట్టుబడి సాయం దగ్గర ఆగిపోతారు. మూడూ అవసరమే. అయితే అవన్నీ భూ యజమాని చేతిలో ఉండే పట్టాదారు పాస్‌బుక్ అనే వాకిలి దాటి రావాల్సిందే. ఆ పుస్తకం లేనివాడు ఎన్ని ఎకరాలు దున్నినా ప్రభుత్వ లెక్కలో రైతు కాడు. తెలుగు రాష్ట్రాల వ్యవసాయానికి ఉన్న అసలు చిక్కు ఇదేనని మా అభిప్రాయం.

2019 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం కిసాన్ ఏటా రూ.6,000 ఇస్తుంది, అదీ భూమి ఉన్న కుటుంబానికే. 2018 మేలో మొదలైన పెట్టుబడి సాయం పథకం రైతుబంధులో కౌలుదారుకు చోటు లేదని నాటి తెలంగాణ ప్రభుత్వం దాపరికం లేకుండానే చెప్పింది. కౌలు రైతులకూ ఎకరాకు ఏటా రూ.15,000 ఇస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ మాట ఇచ్చింది. 2025 జనవరిలో పథకం రైతుభరోసాగా పేరు మార్చుకుని వచ్చేసరికి ఆ మొత్తం రూ.12,000కు దిగింది, జమ మాత్రం మళ్లీ పట్టాదారు ఖాతాకే. సాయం అందుతోంది కదా అని కౌలు తగ్గించిన యజమానులు ఊరికి ఒకరిద్దరు ఉంటే గొప్పే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన రైతు భరోసా భూమి లేని కౌలుదారులను చేర్చుకుంది గానీ, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకే పరిమితం చేసింది. కౌలుకు కులమేమిటో, తెగులుకు కులమేమిటో మాకు అర్థం కాలేదు.

చట్టాలు లేక కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో సాగుదారుల చట్టం తెచ్చారు. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలని, దాన్ని చూపి బ్యాంకులో పంట రుణం తీసుకోవచ్చని అందులో రాశారు. కోనసీమ రైతులు ఇక సాగు చేయలేమంటూ పంట విరామం ప్రకటించిందీ ఆ ఏడాదే. తెలంగాణలో ఆ చట్టం రద్దు కాకుండానే మూలన పడింది. ఆపై 2020 నాటి కొత్త పాస్‌బుక్ చట్టంతో రికార్డుల్లోంచి, భూమి ఎవరి సాగులో ఉందో చెప్పే అనుభవదారు కాలమ్‌నే తీసేశారు. పాత భూమి రికార్డు అయిన పహాణీలో పేరుంటే కనీసం చూపించుకోవడానికి ఒక ఆధారం ఉండేది. ఒక్క గడి చెరిపేయడంతో లక్షల మంది కాగితం మీద మాయమయ్యారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం చేసి, పదకొండు నెలలు చెల్లే కార్డులు ఇస్తోంది. దానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకమే దొరకదు.

యజమానులందరినీ దొరలుగా చిత్రించడం ఈ పత్రిక ఉద్దేశం కాదు. వాళ్లలో ముసలివాళ్లున్నారు, భర్త పోయిన ఆడవాళ్లున్నారు, పిల్లల చదువుల కోసం పట్నం చేరినవాళ్లున్నారు. రెండెకరాల కౌలు మీదే మందులు కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. కాగితం రాసిస్తే భూమి పోతుందన్న వాళ్ల భయం గాలిలోంచి పుట్టిందీ కాదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కు దాకా దారి చూపింది. న్యాయమైన పనే అది. కానీ ఆ జ్ఞాపకం ఇప్పటికీ ప్రతి సంతకానికీ అడ్డు నిలుస్తోంది. పదకొండు నెలల కార్డుతో భూమి పోదని చట్టంలో రాసి ఉంది. ఆ మాట ఊళ్లోకి వెళ్లి చెప్పినవాళ్లే తక్కువ.

భయం వెనక ఇంకో లెక్క కూడా ఉంది, దాని గురించి ఎవరూ గట్టిగా మాట్లాడరు. చాలామంది యజమానులు అదే పాస్‌బుక్ మీద, లేదంటే బంగారం తాకట్టు మీద, పంట రుణం ముందే తీసుకుని ఉంటారు. ఒకే సర్వే నంబరుకు రెండోసారి రుణం ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు. రూ.3 లక్షల దాకా పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులోగా కడితే 4 శాతమే. పంట వేయని మనిషికి నాలుగు శాతానికి డబ్బు దొరుకుతుంది. పంట వేసే మనిషి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటాడు, అంటే ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలైతే 36. ఎరువుల కొట్టులో ఖాతా పెడితే వడ్డీతోపాటు పంటను కూడా ఆ కొట్టువాడికే, వాడు చెప్పిన ధరకే తోలాలి. మద్దతు ధర ఎంత పెరిగినా ఈ మనిషి దాకా రాదు.

జాతీయ నమూనా సర్వే 2018-19 లెక్కల్లో దేశంలో సగం వ్యవసాయ కుటుంబాలకు అప్పులుంటే, ఆంధ్రప్రదేశ్‌లో 93.2 శాతానికి, తెలంగాణలో 91.7 శాతానికి ఉన్నాయి. కుటుంబం మీద సగటు అప్పు దేశంలో రూ.74,121 కాగా ఆంధ్రప్రదేశ్‌లో రూ.2,45,554. దేశం మొత్తం మీద వ్యవసాయ కుటుంబానికి నెలకు పంట మీద మిగిలింది రూ.3,798, కూలి మీద వచ్చింది రూ.4,063. రైతు ఇంట్లో పంట కన్నా కూలే ఎక్కువ సంపాదించి పెడుతోంది.

మద్దతు ధర లెక్కలోనూ కౌలుదారు కనపడడు. చేతి నుంచి పెట్టిన ఖర్చుకు ఇంటివాళ్ల శ్రమ విలువ కలిపి, దాని మీద సగం అదనంగా ఇస్తున్నామని కేంద్రం అంటుంది. కట్టిన కౌలు కూడా ఆ ఖర్చులో ఉందనేది నిజమే. అయితే అది సొంత భూమి ఉన్నవాళ్లనూ కలిపి తీసిన సగటు. కౌలు కట్టనివాడి సున్నా, కట్టినవాడి బస్తాలు కలిపి భాగించాక మిగిలే అంకె ఎవరి పొలంలోనూ ఉండదు. సొంత భూమికీ కౌలు విలువ కట్టే సమగ్ర వ్యయం మీద సగం కలపాలన్న రైతు సంఘాల కోరిక, కౌలుదారు దృష్టిలో, తన అసలు ఖర్చును లెక్కలోకి తీసుకోమనడమే.

చివరికి మరణంలోనూ ఇదే వరస. తెలంగాణ రైతుబీమా పట్టాదారు చనిపోతే కుటుంబానికి రూ.5 లక్షలు ఇస్తుంది. కౌలుదారుకు వర్తించదు. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకారం 2023లో దేశంలో వ్యవసాయం మీద బతికేవాళ్లు 10,786 మంది ప్రాణాలు తీసుకున్నారు. వారిలో సాగుదారులు 4,690, కూలీలు 6,096. కాగితం లేని కౌలుదారు రెండో గడిలోకి జారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

దీనికి మందు కొత్త పథకం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-పంట నమోదుకు సిబ్బంది పొలానికి వెళ్లి ఫొటో తీస్తారు, ఏ పంట ఎక్కడ ఉందో రాస్తారు. ఎవరు వేశారన్నది ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఆ పేరు రాయడానికి సంతకం అడగడం మానేయాలి. పేర్ల జాబితాను గ్రామసభలో చదివి, యజమానికి నోటీసు ఇచ్చి, అభ్యంతరముంటే చెప్పుకోవడానికి గడువు ఇవ్వొచ్చు. ఈ నమోదుతో యాజమాన్యానికి ఎలాంటి ఢోకా లేదని కార్డు మీదే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి. తెలంగాణ రికార్డుల్లోనూ సాగుదారు పేరుకు చోటు ఉండాలి. పంట రుణం సర్వే నంబరుకు కాకుండా నమోదైన పంటకు ఇవ్వాలని బ్యాంకర్ల సమావేశాల్లో ప్రభుత్వాలు పట్టుబట్టాలి.

అన్నిటికన్నా ముందు చేయగలిగింది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం తూకం వేసిన మనిషి ఖాతాలోనే డబ్బు పడాలి. పాస్‌బుక్ చూపిస్తేనే కొంటామన్న చోట సొమ్ము యజమాని ఖాతాకు వెళ్తుంది. తను పండించిన వడ్ల డబ్బు కోసం కౌలుదారు పట్నం బస్సెక్కి ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడుతున్నాడు.